తోమాసు గారి రెండో దారి

క్షమించడం మంచిదని నాకెవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఢిల్లీ వచ్చినప్పటి నుంచీ ప్రతి ఆదివారం వింటూనే ఉన్నాను. నా పక్క కుర్చీలో కూర్చుని అబిగెయిల్ కూడా వింది. విని, ఆమెన్ అని, ఇంటికెళ్ళి లాప్‌టాప్ తెరిచింది. ఆ పిల్ల కథే ఇది. అంతా విన్నాక ఎవరినైనా తప్పు పట్టాలనిపిస్తే ముందు నన్ను పట్టండి. ఆ పగలో సగం నాది.

అబిగెయిల్ తల్లి వసంతకుమారి, నేను నరసాపురంలో ఒకే నర్సింగ్ స్కూల్లో చదివాం. ఒకే రైల్లో ఢిల్లీ వచ్చాం. మొదట్లో జనక్‌పురిలో ఒకే గదిలో ఉండి ఒకే గిన్నెలో పప్పు వండుకున్నాం. తర్వాత దానికి పెళ్ళయి వైశాలిలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో కుదురుకుంది. భర్త ఎడ్వర్డ్ గుండెపోటుతో పోయాక కూతుర్ని ఒంటి చేత్తో పెంచింది. వార్డులో వసంత ఉందంటే డాక్టర్లు నిశ్చింతగా ఇంటికెళ్ళేవాళ్ళు. స్నేహితురాలని పొగడటం లేదు. నాకంటే అది మంచి నర్సని ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

తోమాసు గారు అదే ఆస్పత్రిలో కంప్యూటర్ల విభాగానికి పెద్ద. మా తెలుగు సంఘం జనక్‌పురిలో ఒక స్కూలు హాలు అద్దెకి తీసుకుని ఆరాధన చేసుకుంటుంది. అక్కడా ఆయన పెద్దే. ముందు వరస మొదటి కుర్చీ ఆయనది. గొంతు ఖంగుమంటుంది, ప్రార్థన ఎత్తుకున్నాడంటే మైకు అక్కర్లేదు.

ఆ ఆస్పత్రికి రెండు భవనాలు. ల్యాబు రోడ్డుకి ఇవతల పాత భవనంలో, వార్డులు అవతల కొత్త భవనంలో. ఇక్కడ రక్తం పరీక్ష చేస్తే రిపోర్టు అక్కడ వార్డు కంప్యూటర్లో కనబడాలి. రోడ్డు కింద వేసిన ఫైబర్ కేబుల్ ఒక దారి. అది తెగితే పనికొస్తుందని రెండు మేడల మీదా ఎదురెదురుగా నిలబెట్టిన యాంటెనాలు రెండో దారి. ఫైబర్ పోతే అంతా దానంతటదే రెండో దారికి మారిపోయేలా పెట్టానని తోమాసు గారు యాజమాన్యానికి చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు, ఇక ల్యాబువాళ్ళు వార్డులకి ఫోన్లు చెయ్యక్కర్లేదు, అన్నీ స్క్రీన్ మీదే చూసుకోవాలి అని నియమం కూడా పెట్టించాడు.

ఒకరోజు మధ్యాహ్నం నీళ్ళ పైపుల కోసం రోడ్డు తవ్వుతున్న యంత్రం ఆ ఫైబర్‌ని తెంపేసింది. అప్పుడే వసంత వార్డులో రాజ్‌పాల్ అనే దర్జీ ఉన్నాడు. కిడ్నీల జబ్బు. రక్తంలో పొటాషియం హద్దు దాటిపోయింది. రిపోర్టు ల్యాబులో తయారైంది కానీ వార్డు స్క్రీన్ మీద మాత్రం ‘పెండింగ్’ అనే ఉంది. వసంత మళ్ళీ మళ్ళీ చూసింది. ల్యాబుకి ఫోన్ చేసింది. “పంపేశాం సిస్టర్, స్క్రీన్ చూడండి” అని పెట్టేశారు. రిపోర్టు కాగితం తెమ్మని ఆయాని రోడ్డు దాటించేలోగా రాజ్‌పాల్ గుండె ఆగిపోయింది.

విచారణలో తోమాసు గారు తడుముకోకుండా చెప్పాడు. ఫైబర్ తెగిన మాట నిజమే, క్షణాల్లో రెండో దారి అందుకుంది, రిపోర్టు వార్డుకి చేరింది, చూడాల్సినవాళ్ళు చూడలేదు అన్నాడు. వసంత ఉద్యోగం ఆ మాటతో పోయింది. రాజ్‌పాల్ భార్య సుమిత్ర ఆస్పత్రి గేటు దగ్గర వసంత చున్నీ పట్టుకుని, నా మొగుణ్ణి చంపింది ఇదే అని లోకమంతా వినేలా అరిచింది. ఆ ఆదివారం సంఘంలో తోమాసు గారు లేచి, కళ్ళు మూసుకుని, మన సహోదరి వసంతకుమారి నిర్లక్ష్యాన్ని మన్నించమని దేవుణ్ణి వేడుకున్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. నేను అనలేదు. 

అంతటితో ఆగినా బాగుండేది. కొన్నాళ్ళకి వసంతే ఆ మాట నమ్మడం మొదలుపెట్టింది.

“ఏమోనే, నేనే సరిగ్గా చూళ్ళేదేమో. ఆ వేళ తలనొప్పిగా ఉంది కూడానూ,” అనేది.

“నోర్ముయ్యవే. నువ్వు చూడకపోవడమేంటి?” అని నేను కసిరేదాన్ని.

“అంత పెద్దాయన అబద్ధమెందుకు చెబుతాడు చెప్పు?”

ఆ తర్వాత అది ఏ ఆస్పత్రిలోనూ చేరలేదు. జనక్‌పురిలో మంచం పట్టిన ఒక పంజాబీ ముసలమ్మని చూసుకునే పనికి కుదిరింది. ఆమెకి మాత్ర ఇచ్చే ముందు చీటీ తీసి చదివేది, డబ్బాలో పెట్టేది, మళ్ళీ తీసి చదివేది. ఇంజెక్షన్ చేతిలోకి తీసుకుంటే కళ్ళు మూసుకునైనా చేసే మనిషి! అది చూసినప్పుడల్లా నాకు తోమాసు గారి గొంతు పిసకాలనిపించేది. నర్సుని కాబట్టి ఎక్కడ పిసకాలో కూడా తెలుసు.

అబిగెయిల్ అప్పుడు గ్రేటర్ నోయిడాలో ఇంజినీరింగ్ చివరి సంవత్సరం. ఢిల్లీలో పుట్టిన పిల్ల, తెలుగు అర్థమవుతుంది, జవాబు హిందీలో వస్తుంది. తల్లి కోసం ఏడవలేదు, తోమాసు మీద అరవలేదు. యాప్‌లు తయారు చేస్తానని ఎగిరే పిల్ల కాస్తా నెట్‌వర్కుల వైపు తిరిగింది. ఆ పనే చేసే కంపెనీలో ఉద్యోగంలో చేరింది. ఆదివారం ఎదురుపడితే తోమాసు గారికి “ప్రైజ్ ద లార్డ్ అంకుల్” అని చక్కగా చెప్పేది. ఆయన తల నిమిరేవాడు. నిమిరించుకునేది.

ఒకసారి మా ఇంట్లో టీ తాగుతూ నాకు అంతా వివరించింది. ప్రతి భవనంలోనూ కంప్యూటర్లకి దారి చూపే పెట్టె ఒకటి ఉంటుందట. ఆ పెట్టెకి దారి రెండు రకాలుగా చెప్పొచ్చట. ఒకటి, ల్యాబుకి పోవాలంటే ఈ ఫైబర్ మీదే పో అని మనిషి చేత్తో రాసిపెట్టడం. అలా రాస్తే ఫైబర్ అవతల ఎక్కడో తెగినా సరే, ఆ పెట్టె మొండిగా అటే పంపుతూ ఉంటుంది. పంపినవన్నీ గంగలో కలిసినట్టే. రెండోది, ఆ పెట్టెలో వెనకాల ఎప్పుడూ నడిచే ఒక ప్రోగ్రాం. అది అవతలి పెట్టెని “ఉన్నావా” అని పలకరిస్తూనే ఉంటుంది. జవాబు ఆగిపోతే ఆ దారి పోయిందని తెలుసుకుని ఇంకో దారి పట్టుకుంటుంది. దాన్ని రూటింగ్ డీమన్ అంటారు. దయ్యం పేరులా ఉందే అన్నాను. “పాస్టర్‌గారికి చెప్పకండి ఆంటీ,” అని నవ్వింది.

తర్వాత నవ్వు తీసేసి ఇంకో మాట చెప్పింది. చేత్తో రాసిన దారి, డీమన్ తెలుసుకున్న దారి రెండూ ఉంటే పెట్టె చేత్తో రాసినదాన్నే నమ్ముతుందట. కాబట్టి డీమన్‌ని లేపితే చాలదు, చేత్తో రాసింది చెరిపెయ్యాలి. కొత్తగా నేర్చుకున్నవాళ్ళే కాదు, సగం నేర్చుకుని వదిలేసినవాళ్ళు కూడా తప్పు చేసేది అక్కడేనట. నేను బుర్ర ఊపాను. అది అప్పుడే ఎవర్ని తలుచుకుందో నాకు తెలుసు.

అదృష్టం అనండి, దేవుడి న్యాయం అనండి. ఆ ఆస్పత్రివాళ్ళు మూడో భవనం కట్టారు. మూడింటినీ కలిపే పని అబిగెయిల్ కంపెనీకి వచ్చింది. అది తన పై అధికారి రఘువీర్‌ని అడిగి మరీ ఆ పని తన మీద వేయించుకుంది.

మొదటిరోజు తోమాసు గారు ఎదురొచ్చి చేతులు పట్టుకున్నాడట. “మన పిల్లవే వచ్చావు తల్లీ! పనంతా నువ్వే చూసుకో, నేను పైపైన ఉంటా.” పాస్‌వర్డులన్నీ చేతిలో పెట్టాడు. పాము పుట్టలో వేలు పెడుతున్నానని పాపం ఆయనకి తెలియదు.

అబిగెయిల్ ఆ పెట్టె తెరిచి చూసింది. లినక్స్ మీద నడిచే పెట్టె. డీమన్‌కి కావలసినవన్నీ పొందికగా రాసి ఉన్నాయి. పొరుగు పెట్టె పేరు, రెండు దారులు, ఏది ముందు ఏది వెనక, అన్నీ. కానీ ఏ డీమన్‌ని నడపాలో చెప్పే ఫైలు వేరే ఉంటుంది. అందులో ప్రతి డీమన్ పేరు పక్కనా మొదట ‘నో’ అనే ఉంటుంది. కావలసినదాని దగ్గర మనం ‘యెస్’ అని మార్చుకోవాలి. తోమాసు గారు మార్చలేదు. అంటే అంత రాతా రాశాడు కానీ అది ఒక్కరోజు కూడా నడవలేదు. నడవకపోతే భవనాల మధ్య మాటే సాగదు కదా. ఎందుకు నడవలేదో వెతికి తెలుసుకునే ఓపిక లేక, ఫైబర్ దారిని చేత్తో రాసేసి, అయిందనిపించి, రెండో దారి కూడా సిద్ధమని పైవాళ్ళకి చెప్పేశాడు.

అబిగెయిల్ ఆ సాయంత్రం వైశాలి నుంచి తిన్నగా మా ఇంటికే వచ్చింది. చెప్పులు కూడా విప్పలేదు.

“ఆంటీ, మమ్మీ సహీ థీ. రిపోర్టు వార్డుకి రానే లేదు. రావడానికి రాస్తా హీ నహీ థా.”

వసంత తప్పేం లేదు, దారే లేదు. నేను దాన్ని పట్టుకుని ఏడ్చాను. “వెంటనే వెళ్ళి అందరికీ చెప్పెయ్యి,” అన్నాను.

“చెబితే అంకుల్ ఏమంటారు? ‘అయ్యో, పొరపాటు, చూసుకోలేదు’ అంటారు. అందరూ పాపం అంటారు.” అది గిన్నెలోంచి జంతిక తీసి పటుక్కున విరిచింది. “ఆయనకి తెలుసని నాకు కావాలి ఆంటీ. తెలిసీ మమ్మీ మీద వేశారని.”

మర్నాడు మెడికల్ సూపరింటెండెంట్ మేడమ్ ముందు అబిగెయిల్ తోమాసు గారితో అంది, కొత్త భవనం కలిపే ముందు పాత ఏర్పాటు ఎలా పనిచేస్తోందో చూడటం మా కంపెనీ పద్ధతి, శనివారం మధ్యాహ్నం ఓపీ అయ్యాక ఫైబర్ తీసి చూద్దాం అని.

“పనిచేసేదాన్ని కెలకడం దేనికమ్మా?” అన్నాడు ఆయన.

“పనిచేస్తోంది కదా అంకుల్, ఇంక భయం దేనికి?”

మేడమ్ సరే అంది. ఆ వేళ తిరిగొచ్చి అబిగెయిల్ ఆ పెట్టెలో ఏమీ ముట్టుకోలేదు. ఆయన పాస్‌వర్డూ మార్చలేదు. తలుపు తెరిచిపెట్టి వచ్చింది.

శుక్రవారం సాయంత్రం ఫోన్ చేసింది. గొంతులో పండగ. “మార్చేశారు ఆంటీ! రెండు పెట్టెల్లోనూ ‘నో’ తీసి ‘యెస్’ పెట్టారు. డీమన్ లేచింది.”

“మరి రేపు పనిచేస్తుందేమో కదే?” నా ప్రాణం ఉసూరుమంది.

“చేత్తో రాసింది చెరపలేదు,” అంది.

శనివారం జరిగింది అబిగెయిల్ చెబితే విన్నదే, కానీ నేను అక్కడ నిలబడి చూసినట్టే చెబుతాను, ఎన్నిసార్లు చెప్పించుకున్నానో అది. పాత భవనంలో ఆ పెట్టె ఉన్న గదిలో మేడమ్, నర్సింగ్ సూపరింటెండెంట్, తోమాసు గారు. అవతల వార్డులో భావన అనే నర్సు స్క్రీన్ ముందు, ఫోన్ స్పీకర్లో. ఆ కాసేపు రిపోర్టులన్నీ ఫోన్ మీద చెప్పమని ల్యాబుకి ముందే చెప్పి ఉంచారు. తోమాసు గారు ధీమాగా ఉన్నాడు. రెండు పెట్టెలూ ఒకదాన్నొకటి పలకరించుకుంటున్నాయని పొద్దున్నే చూసుకున్నాడు మరి.

“అంకుల్, మీరే తియ్యండి,” అంది అబిగెయిల్. గోడకున్న నెట్‌వర్క్ స్విచ్‌లోంచి ఆయనే ఫైబర్ లాగాడు. ల్యాబు నుంచి ఒక ఉత్తుత్తి రిపోర్టు పంపారు. కాసేపు ఆగారు. ఇంకాసేపు ఆగారు.

“పెండింగ్ అనే ఉంది మేడమ్,” అంది భావన.

తోమాసు గారి నుదుటి మీద చెమట. కొంచెం టైం పడుతుంది అన్నాడు. ఎంత టైం పట్టినా భావన అదే మాట చెప్పింది. మేడమ్ ముఖం పాలిపోయింది. ఆ రోజు విచారణలో కూర్చున్నది ఆవిడే.

అప్పుడు అబిగెయిల్ స్క్రీన్ ఆవిడ వైపు తిప్పింది. డీమన్ రెండో దారిని చక్కగా చూపిస్తోంది, పెట్టె మాత్రం చేత్తో రాసిన ఫైబర్ దారినే పట్టుకు వేలాడుతోంది. ఆ రాత ఉన్నన్నాళ్ళూ రెండో దారి మాటలకే కానీ చేతలకి లేదని చెప్పింది.

“నాకు తెలియలేదు మేడమ్. డీమన్ ఎప్పటినుంచో నడుస్తూనే ఉంది, ఈ లైను సంగతి నా దృష్టికి రాలేదు,” అన్నాడు తోమాసు గారు.

ఆ మాట కోసమే మా పిల్ల అన్నాళ్ళు తల నిమిరించుకుంది.

“ఎప్పటినుంచో కాదు మేడమ్. ఇదిగో పెట్టె రాసుకున్న చిట్టా, డీమన్ మొట్టమొదట లేచింది నిన్న సాయంత్రం. అవతలి పెట్టెలో కూడా నిన్న సాయంత్రమే. లేపింది అంకుల్ పాస్‌వర్డుతో. లేపడానికి ఏం మార్చాలో తెలియకపోతే నిన్న ఎలా మార్చారు?”

దొంగకి తేలు కుట్టినట్టయింది.  అబిగెయిల్ కూర్చుని చేత్తో రాసిన దారి చెరిపేసింది. రెండో పెట్టెలోనూ చెరిపింది. కాసేపట్లో ఫోన్లో భావన గొంతు, “వచ్చింది మేడమ్, రిపోర్టు వచ్చేసింది” అని. ఫైబర్ అప్పటికింకా తోమాసు గారి చేతిలోనే ఉంది.

బయట వరండాలో ఆయన దాని వెంటపడ్డాడు. “మనం మనం ఒకటి తల్లీ. ఇక్కడ ఎలాగూ నా ఉద్యోగం పోతుంది. సంఘంలో మాత్రం చెప్పకు. ఆ కుర్చీ ఒక్కటీ ఉండనీ.”

“ప్రైజ్ ద లార్డ్ అంకుల్,” అని వచ్చేసింది.

మా సంఘంలో పాటలయ్యాక సాక్ష్యాల సమయం అని ఉంటుంది. దేవుడు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పొచ్చు. మధ్యలో ఆపడానికి పాస్టర్‌గారికైనా హక్కు లేదు. ఆ ఆదివారం అబిగెయిల్ లేచింది. అది అప్పటిదాకా ఏనాడూ సాక్ష్యం చెప్పలేదు. తెలుగులో చెప్పింది. మాట మాటకీ తడబడుతూ, క్రియలు తలకిందులు చేస్తూ, ఒక్క ముక్క కూడా హిందీ కలపకుండా అంతా చెప్పింది. ఒక్క పిల్లాడు కూడా ఏడవలేదు. నేను తోమాసు గారి మెడ వెనక భాగాన్నే చూస్తూ కూర్చున్నాను. అది ఎర్రబడటం చూసి నాకు కడుపు చల్లబడింది. సిగ్గుపడకుండా చెబుతున్నాను.

ఆయన గట్టివాడే. కుప్పకూలలేదు. లేచి, నడుచుకుంటూ మా వరసకొచ్చి, అందరూ చూస్తుండగా వసంత ముందు మోకాళ్ళూనాడు. “సహోదరీ, నన్ను క్షమించు,” అన్నాడు, ఆ ఖంగుమనే గొంతుతోనే. ఇది మా దగ్గర పాత ఉపాయం. సంఘం ముందు అడిగితే సంఘం ముందే క్షమించాను అనాలి. అనగానే అందరూ చప్పట్లు కొడతారు, పాట ఎత్తుకుంటారు, అక్కడితో సరి. కీబోర్డు దగ్గర కూర్చున్న అబ్బాయి అప్పుడే వేళ్ళు మెట్ల మీద పెట్టాడు. నేను వసంత మోచెయ్యి గిల్లాను, అనకే, అనకే అని.

వసంత ఆయన్ని చూడటం లేదు. ఎటో చూస్తోంది. పెదాలు కదులుతున్నాయి.

“అయితే నేను చూసాను,” అంది నెమ్మదిగా. “నేను చూస్తూనే ఉన్నాను.” తర్వాత గొంతు మారింది. అన్నేళ్ళలో ఆ గొంతు నేను వినలేదు. “అయితే ఆ మనిషి బతికేవాడు.”



“నన్నెందుకండీ అడుగుతున్నారు? నాకు పోయింది ఉద్యోగమే. లెగండి. చెప్పాల్సినచోట చెబుదురుగాని, పదండి.”

“ఇప్పుడా?” అన్నాడు ఆయన.

“ఇప్పుడే.”

పాస్టర్‌గారు ఏదో అనబోయి మానుకున్నారు. మెట్రోలో జనక్‌పురి నుంచి వైశాలి దాకా నలుగురం ఒకే పెట్టెలో కూర్చున్నాం.  తల్లి ముఖంలోకి అబిగెయిల్ భయంగా చూస్తోంది. తన పగ చిన్నదైపోయిందని దానికి అర్థమైంది. అక్కడినుంచి ఆటోలో ఖోడా కాలనీ. ఇల్లు వసంతకి తెలుసు. ఎందుకు తెలుసో, ఎన్నిసార్లు ఆ గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళిందో నేను అడగలేదు.

తలుపు సుమిత్రే తీసింది. వెనకాల గదిలో రాజ్‌పాల్ కుట్టుమిషను, దాని మీద సగం కుట్టిన జాకెట్టు. ఇప్పుడు ఆమే కుడుతోందన్నమాట. వసంతని చూడగానే ఆమె ముఖం గట్టిపడింది. తలుపు మూయబోయింది.

వసంత హిందీలో చెప్పింది. “దీదీ, నేను క్షమాపణ అడగడానికి రాలేదు. ఈయన మీకో మాట చెప్పాలి.”

సుమిత్ర ఆయన్ని చూసింది. మళ్ళీ వసంతని చూసింది.  తోమాసు గారు ఆరోజు రిపోర్టు నర్సుకి చేరలేదని, చేరిందని తాను చెప్పింది అబద్ధమని, హిందీలో, వినీవినబడకుండా అన్నాడు.

“జోర్‌సే,” అంది సుమిత్ర.

గట్టిగా చెప్పాడు. పక్క గుమ్మాల్లోకి మనుషులు వచ్చారు. ఆమె లోపలికి వెళ్ళింది. ఒకే ఒక్క కుర్చీ తెచ్చి గుమ్మం లోపల వసంతకి వేసింది. తర్వాత ఆయన వైపు తిరిగి, మొదటినుంచి చెప్పమంది. ఆయన నిలబడే చెప్పాడు.